మెషిన్ మార్చాలా? గుడుపల్లె నేల మీద మెటల్ డిటెక్టర్

సరదాకు మెటల్ డిటెక్టర్ కొన్నవాళ్లకు కొన్నాళ్లు తిరిగాక ఒక సందేహం పట్టుకుంటుంది. ఉన్నది చాలుతుందా, దీన్ని అమ్మేసి ఇంకా మంచిది తీసుకోవాలా? ఇంగ్లండులోనో ఆస్ట్రేలియాలోనో అయితే ఇది జేబు చూసుకుని తేల్చుకునే లెక్క. చిత్తూరు జిల్లా గుడుపల్లెలో అంత సులువుగా తేలదు. కోలార్ బంగారు గనులున్న రాతి పట్టీ ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 80 కిలోమీటర్లు సాగుతుంది. దాని దక్షిణపు కొస ఈ మండలంలోకి వస్తుంది. బిసానత్తం గని ఇక్కడే, చిగురుగుంట గని ఇక్కడే. గనుల కబుర్లు వింటూ పెరిగిన కుర్రవాడి చేతికి నేలలోని లోహాన్ని పసిగట్టే యంత్రం దొరికితే ఆశ ఎటు పోతుందో వేరే చెప్పాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బంగారు గని మీది ఆశతో యంత్రం మార్చాలనుకునేవాళ్లు మార్చకూడదు. లోతు కోసం మార్చాలనుకునేవాళ్లకు పెట్టిన డబ్బుకు తగ్గ ఫలం రాదు. ఈ ఎర్రనేల చేసే గోల వల్ల చేతిలో ఉన్న యంత్రం నిజంగా గుడ్డిదైపోతుంటే మాత్రం మార్చడం న్యాయమే. అది తేల్చుకోవడానికి ఇంటి పెరడు చాలు. కాకపోతే ఈ మూడు మాటల వెనక భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం, చట్టం, మోసం అన్నీ ముడిపడి ఉన్నాయి. వాటిని విప్పకుండా కొనమనీ వద్దనీ చెప్పలేం.

ముందు బంగారం సంగతి. కోలార్ పట్టీలో బంగారం కంటికి కనిపించే ముద్దలుగా ఉండదు. నల్లటి షిస్టు రాయి మధ్యలో చొచ్చుకుపోయిన తెల్లరాతి చారల్లో, గంధకంతో కలిసిన ఖనిజాల పక్కన, పొడిగా చెదిరి ఉంటుంది. టన్ను రాయి పగలగొట్టి రుబ్బితే కొద్ది గ్రాములు వస్తాయి. టన్ను రాయి అంటే ఘనపు మీటరులో ఇంచుమించు మూడో వంతు. అందులో 5 గ్రాములు ఉందనుకున్నా, అదంతా పోగేస్తే పావు ఘనపు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. ఆ పావు సెంటీమీటరు కూడా ఒకచోట లేదు, కోట్ల రేణువులై రాయంతా పరుచుకుని ఉంది. డిటెక్టర్ పనిచేసేది లోహంలో పుట్టే సుడి విద్యుత్తు మీద. అది పుట్టాలంటే లోహం ఒక్క తునకగా, కనీసం చిన్న సగ్గుబియ్యం గింజంతైనా ఉండాలి. ఒకదానికొకటి తగలని ధూళిలో ఆ విద్యుత్తు తిరగదు. లక్షలు పోసి కొన్న యంత్రాన్ని నేరుగా గని రాతి మీద పెట్టినా బంగారానికి మోగదు. మోగితే ఆ రాయిలోని ఇనుప ఖనిజానికి మోగుతుంది.

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1802లో మైసూరు సరిహద్దు సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ కోలార్ ప్రాంతపు ఊళ్లలో జనం మట్టి కడిగి బంగారం తీయడం చూశాడు. వాళ్లు తీసింది రజను. ఆ తర్వాత 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. అప్పటి నుంచి తవ్వుతూ తవ్వుతూ ఛాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. పైపొరలో ముద్దలు దొరికేటట్టుంటే అంత లోతుకు పోవాల్సిన గతి పట్టేది కాదు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు నడిపే భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. దాంతో మన వైపు గనులూ ఆగిపోయాయి. తర్వాత చిగురుగుంట, బిసానత్తం బ్లాకును వేలం వేస్తే ఎన్ఎండీసీ దక్కించుకుంది. అంత పెద్ద ప్రభుత్వ సంస్థ డ్రిల్లింగూ పరీక్షలూ చేసుకుని దిగాల్సిన చోట భుజాన డిటెక్టర్ వేసుకుని తిరిగితే అయ్యే పని ఏమీ లేదు. పైగా అది నేరం కూడా. బంగారం కోసం లైసెన్సు లేకుండా అన్వేషించడాన్నే 1957 నాటి గనుల, ఖనిజాల చట్టం నిషేధించింది. శిక్ష అయిదేళ్ల దాకా పడవచ్చు. సొంత పొలమైనా, కింద ఉన్న బంగారానికి ఆ చట్టం వర్తిస్తుంది.

మరి ఆస్ట్రేలియాలో డిటెక్టర్లతో బంగారం దొరుకుతోంది కదా అంటారు. దొరుకుతోంది. 1980లో విక్టోరియా రాష్ట్రం కింగోవర్ దగ్గర ఒకాయనకు నేల పైపొరలోనే 27 కిలోలకు పైగా తూగే ముద్ద దొరికింది. దానికి హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అని పేరు పెట్టారు. అక్కడి నేల తీరు వేరు. రాతి చారల నుంచి విడివడిన ముద్దలు మట్టిలో మిగిలిపోయే చోటు అది. అడిలైడ్‌లోని మైన్‌ల్యాబ్ కంపెనీ ఖరీదైన పల్స్ ఇండక్షన్ యంత్రాలను తయారుచేసేది అటువంటి నేలల కోసం. 2021లో జీపీఎక్స్ 6000 వచ్చినప్పుడు దాని ధర దాదాపు 6,000 అమెరికా డాలర్లు. రాయలసీమలోనే తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరికి జనం పొలాల్లో వజ్రాలు ఏరుకుంటారు. అక్కడికీ ఈ యంత్రాలు మోసుకుపోయేవాళ్లున్నారు కనుక చెబుతున్నాను, వజ్రం కర్బనం, అది ఏ డిటెక్టర్‌కూ మోగదు. అక్కడ పనికొచ్చేది కళ్లే.

గని మీది ఆశను పక్కన పెడితే ఈ యంత్రానికి మన ఊళ్లలో నిజమైన పని ఒకటుంది. పోగొట్టుకున్న నగ వెతకడం. చెనక్కాయలు పీకేటప్పుడు, టమాటా కోతలో, మల్బరీ ఆకు తెంపేటప్పుడు, పేడదిబ్బ ఎత్తేటప్పుడు ఆడవాళ్ల ఒంటి మీది బంగారం జారుతుంది. కూలి డబ్బులు కూడబెట్టి చేయించుకున్న కమ్మ ఒకటి పోతే ఆ ఇంట్లో పండగ ఉండదు. తాళిబొట్టు పోతే డబ్బు ఒక్కటే కాదు, మనసు మీదా దెబ్బే. ఇటువంటి పిలుపు మీద వెళ్లి వస్తువు తీసి చేతిలో పెట్టడం కంటే ఈ సరదాకు పెద్ద సార్థకత నాకు కనిపించదు. యంత్రం మార్చాలా వద్దా అనేదాన్ని ఈ పనికొలతతోనే చూడాలి.

ఇక్కడే చాలామంది అనుకోని చిక్కు ఉంది. ఎక్కువగా పోయేది గొలుసు. డిటెక్టర్‌కు అన్నిటికంటే కష్టమైంది కూడా గొలుసే. రెండు తులాల గొలుసంటే చేతికి బరువుగా తగులుతుంది, కానీ యంత్రానికి అది ఒక్క వస్తువుగా కనిపించదు. లింకుకు లింకు మధ్య తాకిడి సరిగా ఉండదు కనుక విద్యుత్తు గొలుసంతా తిరగలేక ఒక్కో లింకులోనే తిరుగుతుంది. అంటే యంత్రం వెతుకుతున్నది రెండు తులాల బంగారాన్ని కాదు, గింజంత రింగుల గుంపును. మోత వచ్చేది చాలాసార్లు కొక్కెం నుంచో, తాళిబొట్టు బిళ్ల నుంచో, గుండ్ల నుంచో. మెట్టెలకు ఇంకో తంటా. వేలికి సరిపెట్టుకోవడానికి వీలుగా అడుగున తెరిచి ఉంటాయి. మూసుకున్న ఉంగరంలో విద్యుత్తు గుండ్రంగా తిరిగినట్టు తెగిన వలయంలో తిరగదు. అందువల్ల పరిమాణం ఒకటే అయినా వెండి మెట్టె ఇచ్చే మోత వెండి ఉంగరం మోత కంటే బాగా తక్కువ. ఇక ముక్కుపుడక సంగతి చెప్పనక్కర్లేదు, జల్లెడ పట్టి వెతకడమే మేలు.

ఇందుకే వెతికేవాడు యంత్రం ఆన్ చేసేముందు నగ గురించీ చోటు గురించీ అడగాలి. "అక్కా, యాడ వంగినావు, యాడ కూలబడినావు, గంప యాడ ఎత్తినావు, అది చెప్పు" అని నిదానంగా అడిగి, ఆ నాలుగు సాళ్లే పట్టుకుని, కాయిల్ నేలకు తగిలీ తగలకుండా ఆడించేవాడికి పాత యంత్రంతోనే నగ దొరుకుతుంది. ఎకరం అంతా పరుగులు తీసేవాడికి కొత్త యంత్రం కూడా సాయపడదు.

నగ ఎలాంటిదన్నదే యంత్రపు ఫ్రీక్వెన్సీని కూడా తేలుస్తుంది. పలుచటి, చిన్న బంగారు తునకలకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ బాగా పలుకుతుంది. వెండి, రాగి వంటి మంచి వాహకాలకు, లావు వస్తువులకు తక్కువది. గ్యారెట్ ఏస్ 250 నడిచేది 6.5 కిలోహెర్ట్జ్ మీద. పాత నాణేలకు అది చాలా మంచి యంత్రం. చిన్న కమ్మకూ గొలుసు కొక్కేనికీ అంత చురుకు చూపదు. నోక్టా సింప్లెక్స్ ప్లస్‌ది 12 కిలోహెర్ట్జ్, గ్యారెట్ ఏటీ ప్రోది 15. ముద్ద బంగారం కోసమే చేసిన మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్‌ది 45. రెండు మూడు ఫ్రీక్వెన్సీలను ఒకేసారి పంపి, వచ్చిన జవాబులను పోల్చి చూసే బహుళ ఫ్రీక్వెన్సీ యంత్రాలు ఒకప్పుడు బాగా ఖరీదు. 2018లో మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ వచ్చాక అవి మధ్యతరగతికి దిగాయి. తర్వాతి ఏడాది అదే కంపెనీ వాన్‌క్విష్, 2020లో గ్యారెట్ ఏపెక్స్, 2022లో నోక్టా లెజెండ్ వరుసగా వచ్చాయి. ఈ పదేళ్లలో సరదా డిటెక్టర్లలో వచ్చిన నిజమైన మార్పు ఇదొక్కటేనని నా అంచనా. తెర రంగులు, బ్లూటూత్, తేలికైన కర్ర వంటివి సుఖాన్ని పెంచాయే తప్ప దొరికే వస్తువుల లెక్కను మార్చలేదు.

ఇప్పుడు లోతు. ప్రకటనల్లో మొదట కనిపించేది ఇదే, కొనేవాళ్లు మొదట అడిగేదీ ఇదే. కాయిల్ నుంచి బయలుదేరిన అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ ఘాతం మూడు చొప్పున తగ్గుతుంది. వస్తువు నుంచి తిరిగివచ్చే జవాబు మళ్లీ అంతే తగ్గుతుంది. పోనూ రానూ కలిపి, కాయిల్ సైజు కంటే లోతు మించిన చోట, జవాబు దాదాపు ఘాతం ఆరు చొప్పున పడిపోతుంది. అంటే 20 సెంటీమీటర్ల లోతున ఉన్న నాణెం 40కి దిగితే జవాబు 64 రెట్లు తగ్గుతుంది. 20 నుంచి 25కి దిగినా దాదాపు నాలుగో వంతే మిగులుతుంది. ఇంకో రకంగా చెప్పాలంటే, మీ యంత్రం కంటే నాలుగింతలు చురుకైనది కొంటే మీకు దక్కేది అయిదు సెంటీమీటర్లు, బొటనవేలి పొడవు. ధర రెట్టింపు కావడమంటే లోతు రెట్టింపు కావడమని ఎవరైనా చెబితే వాళ్లకు ఈ లెక్క తెలియదు, లేదా తెలిసీ చెప్పడం లేదు. పోగొట్టుకున్న నగ విషయంలో అయితే ఆ అయిదు సెంటీమీటర్లూ పెద్దగా అక్కరకు రావు. నిన్న పోయిన కమ్మ మట్టి మీదో, నాగలి తిప్పిన లోతులోనో ఉంటుంది.

వెతుకులాటలో ఓడిపోవడానికి చాలాసార్లు అసలు కారణం చుట్టూ ఉన్న గోల. ఈ సంగతి ఈ యంత్రం పుట్టిన కొత్తలోనే బయటపడింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చినప్పుడు, ఒంట్లో తూటా ఎక్కడుందో కనుక్కోవడానికి అలెగ్జాండర్ గ్రహంబెల్ ఒక పరికరం తయారుచేశాడు. పరికరం బాగానే పనిచేసేది. కానీ రోగి పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి. పైగా వైద్యుడు ఒంటికి కుడివైపే వెతకనిచ్చాడు. తూటా దొరకలేదు. ఇంకా చురుకైన పరికరం ఉండి ఉంటే స్ప్రింగుల మోత ఇంకా పెద్దగా వినపడేది, అంతే.

మన నేలలో ఆ స్ప్రింగుల పని చేసేవి చాలా ఉన్నాయి. మొదటిది మట్టే. షిస్టు, గ్రానైట్ చివికి పుట్టిన ఎర్రమట్టిలో ఇనుప ఆక్సైడ్లు దండిగా ఉంటాయి. వాటిలో మాగ్నెటైట్, మాగ్హెమైట్ అయస్కాంతానికి అంటుకునే రకాలు. నమ్మకం లేకపోతే ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఎండిన వంక ఇసుకలో తిప్పి చూడండి. కవరు బయట నల్లటి మీసంలా మొలుచుకొస్తుంది. డిటెక్టర్‌కు ప్రతి ఊపులోనూ ఆ నల్ల ఇసుక జవాబే ముందు వస్తుంది. పెట్టెలోని గ్రౌండ్ బ్యాలెన్స్ దాన్ని లెక్కగట్టి తీసేస్తేనే వెనకున్న కమ్మ వినిపిస్తుంది. ఏస్ 250, 300 వంటి మొదటి మెట్టు యంత్రాల్లో ఈ బ్యాలెన్స్ కంపెనీలోనే బిగించి పంపుతారు, మనం మార్చుకోలేం. సౌమ్యమైన మట్టి ఉన్న చోట అది చాలు. షిస్టు పట్టీ మీద పొలమున్న రైతుకు చాలకపోవచ్చు. ఎండీ సిరీస్ పేర్లతో ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చైనా యంత్రాల్లో గ్రౌండ్ బ్యాలెన్స్ అని రాసి ఉన్నా, దాని పనితనం ఒక్కో పెట్టెకు ఒక్కో తీరుగా ఉంటుంది.

పొలాల్లో అక్కడక్కడా పడి ఉండే ఇనుపరాతి గులకలు ఇంకో తలనొప్పి. నాణెం మోగినట్టే మోగి, తవ్వితే నల్లరాయి చేతికొస్తుంది. కాయిల్‌ను రెండు దిక్కుల నుంచి ఆడిస్తే చాలా రాళ్లు దొరికిపోతాయి. లోహపు మోత రెండు వైపులా ఒకేలా నిలబడుతుంది, రాయి మోత మారిపోతుంది లేదా ఆగిపోతుంది. ఇది అలవాటు మీద చెవికి పట్టుబడే విద్య. ఏ యంత్రంతోనూ డబ్బాలో పెట్టి ఇవ్వరు.

ఆపైన మనం పోసిన చెత్త. మదనపల్లె నుంచి కుప్పం దాకా టమాటా పండే నేల మీద కర్రలు పాతి తీగ లాగని చేను తక్కువ. కర్రలు పీకేస్తారు కానీ తెగిన తీగ ముక్కలు నేలలోనే ఉంటాయి. వాటికి తోడు గుట్కా పొట్లాల పొర, మాత్రల అట్టలు, సీసా మూతలు. డిటెక్టర్ తెర మీద కనిపించే నంబరు వస్తువు ఎంత విద్యుత్తును నడుపుతుందో, ఎంత సైజుందో చూసి వేసే అంచనా మాత్రమే. చిన్న బంగారు నగ, అల్యూమినియం పొర దాదాపు ఒకే నంబరు పలుకుతాయి. కనుక చెత్త నంబర్లను యంత్రానికి వడకట్టమని చెబితే, దాంతోపాటు తాళిబొట్టునూ వడకట్టేస్తుంది. 50,000 రూపాయల యంత్రానికీ లక్షన్నర యంత్రానికీ ఈ విషయంలో తేడా లేదు. తేడా వచ్చేది ఇనుప తీగ పక్కనే పడి ఉన్న ఉంగరాన్ని విడదీసి చెప్పడంలో. కొత్త బహుళ ఫ్రీక్వెన్సీ యంత్రాలు అక్కడ నిజంగా ఒక మెట్టు పైన ఉంటాయి. పల్స్ ఇండక్షన్ యంత్రాలు అక్కడే చతికిలబడతాయి, అవి ఇనుమును సరిగా విడదీయలేవు. టమాటా చేనులో లక్షల ఖరీదు చేసే జీపీఎక్స్ పట్టుకుని నడిస్తే సాలుకు పది చోట్ల తీగ ముక్కకు తవ్వుతూ పోవాలి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. పొలం మీదుగా పోయే 11 కేవీ లైను, బోరు మోటారు, స్టార్టర్ పెట్టె ఇవన్నీ డిటెక్టర్ చెవిలో గోల పెడతాయి. త్రీఫేజు వచ్చిన వేళ ఆగకుండా కీచుమనే యంత్రమే, కరెంటు పోయాక నోరు మూసుకుని పని చేస్తుంది. సెన్సిటివిటీ రెండు గీతలు తగ్గిస్తే కరెంటు ఉన్నప్పుడూ చేస్తుంది. యంత్రం పాడైందనీ చవకబారుదనీ అనుకుని మార్చేవాళ్లలో కొందరు ఈ ఒక్క చిన్న పని చేయక మార్చినవాళ్లే.

అందుకే పెరటి పరీక్ష గురించి చెబుతున్నాను. ఒక పది రూపాయల బిళ్ల, ఒక వెండి మెట్టె, ఒక ఇత్తడి ఉంగరం తీసుకోండి. ముందు గాలిలో, కాయిల్‌కు ఎంత దూరం దాకా మోగుతున్నాయో స్కేలు పెట్టి కొలవండి. తర్వాత మీరు వెతికే నేలలాంటి మట్టిలోనే అయిదు, పది, పదిహేను, ఇరవై సెంటీమీటర్ల లోతుల్లో పాతి, మట్టి గట్టిగా తొక్కి, ఒక వాన పడనిచ్చి మళ్లీ చూడండి. గాలిలో 25 సెంటీమీటర్ల దాకా పలికిన బిళ్ల నేలలో 20 దాకా పలికితే మీ యంత్రానికి మీ మట్టి అడ్డం కాదు. ఖరీదైనది కొన్నా మీకు దక్కేది ఇంకో రెండు వేళ్ల లోతు. అదే బిళ్ల నేలలో 10 దగ్గరే ఆగిపోతే, సెన్సిటివిటీ తగ్గించి, బ్యాలెన్స్ ఉంటే సరిచేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ పలకకపోతే మట్టి గెలిచింది. యంత్రం మార్చడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. ఈ పరీక్ష చేయకుండా వీడియోలు చూసి కొనేవాళ్లు, ఎక్కడో సముద్రపు ఒడ్డు ఇసుకలో వేరేవాళ్లు చేసిన పరీక్షను నమ్మి కొంటున్నారు.

మార్చే ముందు ఇంకో దారి కూడా ఉంది. చాలా యంత్రాలకు వేరే కాయిళ్లు దొరుకుతాయి. పెద్ద కాయిల్ లోతు చూస్తుందని అందరూ దాని వెంట పడతారు. ఇనుము నిండిన ఎర్రమట్టిలో పెద్ద కాయిల్ అంటే ఒకేసారి ఎక్కువ మట్టిని చూడటం, ఎక్కువ గోల వినడం. అయిదారు అంగుళాల డబుల్ డీ కాయిల్ ఈ నేలలో చాలాసార్లు మెరుగు. తీగ ముక్కల మధ్య దూరి చూడగలదు, పొలం గట్టు మీద, మొక్కల మధ్య తిప్పడం తేలిక. దాంతోపాటు చేతిలో పట్టే పిన్‌పాయింటర్ ఒకటి. గుంటలో మట్టి పెళ్లల మధ్య కమ్మ ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది అదే. మంచి హెడ్‌ఫోన్ కూడా కావాలి, సన్నటి మోతలు గాలిలో స్పీకర్‌లోంచి వినపడవు. ఈ మూడూ కలిపి కొత్త మధ్యరకం యంత్రం ధర కంటే తక్కువకే వస్తాయి. పిన్‌పాయింటర్ లేకుండా యంత్రం మార్చడం గురించి ఆలోచించేవాళ్లు వరస తప్పారని నా గట్టి నమ్మకం.

ఇంకో రకం అప్‌గ్రేడ్ ఉంది. అది పచ్చి మోసం కనుక విడిగా చెప్పాలి. లాంగ్ రేంజ్ గోల్డ్ లొకేటర్ అనే పేరుతో రెండు యాంటెనాలు బిగించిన పిస్తోలు లాంటి వస్తువులు అమ్ముతారు. కిలోమీటరు దూరంలోని బంగారాన్ని చూపుతుందంటారు. బంగారం, వెండి, వజ్రం అంటూ స్విచ్చులు కూడా ఉంటాయి. మీదనే చెప్పిన ఘాతం ఆరు లెక్క గుర్తుంటే కిలోమీటరు మాట వినగానే లేచి రావచ్చు. ఇదే బాపతు వస్తువును ఏడీఈ 651 పేరుతో బాంబులు పట్టే యంత్రమని ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. లోపల పనిచేసే ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవని తేలింది. చెక్‌పోస్టుల దగ్గర దాన్ని నమ్మిన జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన వైపు రైస్ పుల్లింగ్ పేరుతో ఇరీడియం చెంబులు అమ్మే ముఠాలు ఎంతమంది ఇళ్లు ముంచాయో పోలీసు స్టేషన్లలో అడిగితే చెబుతారు. ఆ ముఠాలు వాడే భాషా ఈ లొకేటర్లు అమ్మేవాళ్ల భాషా ఒకటే. అప్పుచేసి కొన్న రైతు ఎవరికీ చెప్పుకోలేడు, ఎందుకు కొన్నావంటే ఏమని చెబుతాడు?

డిటెక్టర్ పట్టుకుని గుప్తనిధి వెతికేవాళ్లూ ఉన్నారు కనుక ఇక చట్టం సంగతి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెబితే, ఎవరూ హక్కుదారులు తేలకపోతే, ముందస్తు ఒప్పందమేదీ లేనప్పుడు దొరికినవాళ్లకు ముప్పాతిక, భూమి యజమానికి పాతిక ఇమ్మని అదే చట్టం చెబుతుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. నూరేళ్లు దాటిన నాణేలూ విగ్రహాలూ 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి, లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయకూడదు. కేంద్ర రక్షిత కట్టడాల్లో తవ్వడం నేరం, వాటి చుట్టూ నూరు మీటర్ల లోపు నిర్మాణాలే నిషేధం. రిజర్వు అడవిలో, కౌండిన్య అభయారణ్యంలో డిటెక్టర్, గడ్డపార పట్టుకుని కనిపిస్తే సరదాకని చెప్పుకోవడానికి ఎవరూ వినరు, ఏనుగులైతే అసలే వినవు. గ్రానైట్ క్వారీల దగ్గర ప్రమాదం ఇంకో రకం. పేలకుండా మిగిలిన డిటోనేటర్ గొట్టం అల్యూమినియందో రాగిదో అయి ఉంటుంది, అది చక్కగా మోగుతుంది. అటువైపు పోవద్దు.

పట్టుబడతామన్న భయం కంటే నన్ను ఎక్కువగా బాధించేది వేరే ఉంది. చిత్తూరు జిల్లా వీరగల్లుల జిల్లా. బాణ, గంగ, వైదుంబ రాజుల కాలపు పోరాటాల్లో పశువుల కోసమో ఊరి కోసమో చచ్చిపోయినవాళ్ల రాళ్లు పొలాల గట్ల మీద నిలబడి ఉన్నాయి. వాటి కింద నిధి ఉంటుందన్న మూఢనమ్మకంతో పెకలించి పడేసిన రాళ్లు, పగలగొట్టిన నందులు రాయలసీమ అంతటా కనిపిస్తాయి. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే తవ్వకం జరిగింది. బయటపడ్డవి ఎముకలు. ప్రభుత్వమే ఆ ఆశను దీవించాక మారుమూల ఊళ్లో గడ్డపార పట్టినవాణ్ణి ఏమని ఆపుతాం? టిప్పు సుల్తాన్ కాలపు ఏనుగు బొమ్మ రాగి నాణెం ఒకటి పొలంలో దొరికితే దాని లోహం విలువ నామమాత్రం. ఏ పొలంలో, ఎంత లోతున, వేటితో కలిసి దొరికిందన్న వివరమే దాని విలువ. గుంట తవ్వి జేబులో వేసుకున్న క్షణంలో ఆ వివరం పోతుంది, మళ్లీ రాదు.

ఇంగ్లండులో 1996లో కొత్త ట్రెజర్ చట్టం తెచ్చి, మరుసటి ఏడాది నుంచి దొరికిన వస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ పథకం పెట్టారు. జిల్లాల్లో నిపుణులుంటారు, వాళ్ల దగ్గరికి డిటెక్టర్‌వాళ్లు వస్తువు తెచ్చి చోటు చెబుతారు. మన జిల్లా పురావస్తు కార్యాలయాల్లో అలా ఒక బల్ల, ఒక మనిషి ఉంటే నాణెం దొరికిన రైతు దాన్ని కరిగించేవాడి దగ్గరికి పోడు. ఇది జరగాలని నేను మనసారా కోరుకుంటున్నాను. యంత్రం మార్చడం గురించి ఆలోచించేవాళ్లకు అక్కడి నుంచే రెండు ఉదాహరణలు కూడా ఉన్నాయి. 1992లో హోక్స్‌నే ఊళ్లో ఎరిక్ లాస్ అనే పెద్దాయన వెతికింది రైతు పోగొట్టుకున్న సుత్తిని. దొరికింది రోమన్ నిధి. కొన్ని వస్తువులు బయటపడగానే తవ్వడం ఆపి అధికారులకు కబురు పెట్టడం వల్లనే ఆ నిధి చరిత్రకు మిగిలింది. సుత్తి కూడా దొరికింది, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 2009లో స్టాఫర్డ్‌షైర్ బంగారు నిధిని కనిపెట్టిన టెర్రీ హెర్బర్ట్ చేతిలో ఉన్నది పద్నాలుగేళ్ల పాత డిటెక్టర్. సరైన పొలం, రైతు అనుమతి, ఓపిక ఆయనకు కలిసొచ్చాయి.

ఇంత చూశాక ఎవరు మార్చాలన్నది తేలిపోతుంది. సొంత పొలంలో, సెలవు రోజున, చేతికొచ్చిన నాణేలతో తృప్తిపడే మనిషికి అక్కర్లేదు. చిన్న కాయిల్ కొనుక్కుంటే చాలు. విద్యార్థులైతే అసలు కొనే ముందు తయారుచేయాలి. రాగి తీగ చుట్టి, రెండు ఆసిలేటర్ల బీట్ విని, నేలకు దగ్గరగా తెచ్చినప్పుడు ఆ శ్రుతి ఎలా మారుతుందో తమ చెవులతో విన్న పిల్లలకు ఏ ప్రకటనలో ఎంత నిజముందో ఇట్టే తెలుస్తుంది. గుడుపల్లె మండలంలోనే అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల విజ్ఞాన ప్రాంగణం ఉంది, పల్లె పిల్లలకు చేత్తో చేసి చూసే సైన్సు నేర్పడమే దాని పని. ఈ ఎర్రమట్టి మీద కాయిల్ ప్రయోగం అటువంటి చోట జరగడం నాకు ఇష్టం.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి నగ పోయిందని పిలుపొచ్చే మనిషి మాత్రం మార్చుకోవచ్చు. ఆ పిలుపు మీద వెళ్లేవాళ్లకు మట్టిని సరిచేసుకోగల, తీగ పక్కన ఉంగరాన్ని విడదీయగల మధ్యరకం బహుళ ఫ్రీక్వెన్సీ యంత్రం పెట్టుబడిగా పనికొస్తుంది. అంతకు పైమెట్టు ఈ పనికి అక్కర్లేదు. కొత్తది కొంటే రవాణా, సుంకం, అమ్మకందారు లాభం కలిసి విదేశీ ధర మీద బాగా పెరుగుతుంది. బిల్లూ కంపెనీ వారంటీ కార్డూ లేని పెట్టె తీసుకోవద్దు, పేరున్న యంత్రాలకు నకిలీలున్నాయి. వాడినది కొంటుంటే కాయిల్ వైరును కనెక్టరు దగ్గర కొంచెం కొంచెం వంచుతూ వినండి, మధ్యలో మోత మారితే లోపల తీగ తెగింది. కాయిల్‌ను చెప్పు అంచున మెల్లగా తట్టండి, తట్టినప్పుడల్లా మోగితే లోపలి చుట్టలు వదులయ్యాయి. బ్యాటరీ పూర్తిగా ఎక్కించి గంటసేపు నడిపించుకోండి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే అడ్వాన్సు కట్టి ఇంటికి తెచ్చి, పెరట్లో పాతిన ఆ పది రూపాయల బిళ్ల మీద, ఆ మెట్టె మీద పాతదాన్నీ దీన్నీ పక్కపక్కన ఆడించి చూడండి. తేడా చెవికి వినపడకపోతే అడ్వాన్సు వెనక్కి తీసుకోండి.